రింగుల జుట్టుకి... రెండు బెత్తెల దూరం!

కార్తీక సోమవారం. ఇంకా తెల్లవారలేదు. ద్రాక్షారామంలో సప్తగోదావరి గుండం మెట్ల మీద అప్పటికే అరటిదొప్పల్లో దీపాలు కదులుతున్నాయి. పంచారామాల యాత్ర బస్సులు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి. అమరావతి, భీమవరం, పాలకొల్లు చూసుకుని వచ్చేవాళ్లు కొందరు. ఇక్కణ్ణుంచి సామర్లకోట వెళ్లాల్సినవాళ్లు కొందరు. భీమేశ్వరుడి దర్శనానికి కట్టిన వరుసలో ఆడవాళ్లను ఓసారి గమనించండి. అందరివీ తలంట్లే. అందరివీ తడి జుట్లే. కొందరు తువ్వాలు చుట్టేశారు. కొందరు కొసన చిన్న ముడి వేసి వదిలేశారు. ఇంకొందరు తడిజుట్టునే బిగించి జడ అల్లేశారు. ఆ జడ విప్పేది మళ్లీ రాత్రికే.

సాఫీ జుట్టువాళ్లకి ఇదేమంత సమస్య కాదు. తిప్పలన్నీ రింగుల జుట్టువాళ్లకే. ఆరబెట్టకపోతే జడలో తడి మగ్గిపోతుంది. ఆరబెడితే పిట్టగూడులా లేచి నిలబడుతుంది. డ్రయ్యరు పెడితే చివర్లు చిట్లుతాయి. మరెలా?

ఆ గుడికి నాలుగు వీధుల అవతల, ఓ పెంకుటింట్లో సరిగ్గా ఇదే గొడవ మొదలైంది.

* * *

ఆ ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లికి ఇంకా పదకొండు రోజులుంది. చిన్నమ్మాయి కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. సెలవు పెట్టి వచ్చింది. పొద్దున్నే తలంటుకుని, గుడికి వెళ్లే తొందరలో డ్రయ్యరు పట్టుకుని అద్దం ముందు నిలబడింది. కుదుళ్ల దగ్గర జుట్టు ఎంతకీ ఆరడం లేదు. విసుగొచ్చి చివర్లన్నీ గుప్పిట్లోకి తీసుకుని, డ్రయ్యరు మూతిని వాటికి ఆనించినంత దగ్గరగా పెట్టింది.

‘‘ఏవిటే పిల్లా ఆ వాసన? వెంట్రుకలు కాలిన వాసనొస్తంది!’’ వంటింట్లోంచి అమ్మమ్మ కేక.

‘‘ఏం కాలేదు అమ్మమ్మా. ఆరబెట్టుకుంటన్నాను.’’

‘‘ఆరబెట్టుకోడవంటే కాల్చుకోడవా?’’

అమ్మ వచ్చి కూతురి జుట్టు కొసలు చేతిలోకి తీసుకుంది. చీపురు పుల్లల్లా ఉన్నాయి. ఒక్కో వెంట్రుక చివర రెండుగా, మూడుగా చీలింది. మధ్యమధ్యలో తెల్లటి చుక్కలు. అక్కడ కాస్త లాగితే చాలు, పుటుక్కున తెగిపోతోంది.

‘‘రేపే రామచంద్రపురం తీసుకెళ్తాను. పార్లర్‌లో శుభ్రంగా సాఫీ చేయించేద్దాం. పెళ్లికి అందరూ వస్తారు. ఫొటోల్లో ఈ తుట్టెలాంటి జుట్టుతో కనిపిస్తే రేపు నీ సంబంధాలకి...’’ అని సగంలోనే ఆపేసింది అమ్మ.

ఆ పిల్ల ఏమీ అనలేదు. ఇంటర్‌లో ఒకసారి, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఇంకోసారి స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది. రెండుసార్లూ ఆర్నెల్లు తిరక్కుండానే కుదుళ్లలోంచి మళ్లీ రింగులే వచ్చాయి. ఇప్పుడు తల పైభాగంలో రింగులు, కింద సాఫీగా నిర్జీవంగా వేలాడే కొసలు. ఒకే తల మీద ఇద్దరు మనుషుల జుట్టు ఉన్నట్టుంది.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతే అనుకోకండి. మీ ఇంట్లోదీ కావచ్చు.

కొసలకే ఎందుకీ శిక్ష?

జుట్టు రింగులు తిరగడానికి కారణం తలమీద చర్మంలోనే ఉంటుంది. వెంట్రుక పుట్టే కుదురు నిటారుగా ఉంటే జుట్టు సాఫీగా వస్తుంది. కుదురే వంపు తిరిగి ఉంటే వెంట్రుక కూడా మెలి తిరుగుతూ పైకొస్తుంది. సాఫీ జుట్టును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది. రింగుల జుట్టు కోలగా, కాస్త నొక్కినట్టు ఉంటుంది. అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రే దగ్గర కేశాలంకరణ చేసిన ఆండ్రీ వాకర్ 1990ల్లో జుట్టును నాలుగు రకాలుగా విడదీశాడు. సాఫీది ఒకటో రకం. అలలుగా ఉండేది రెండు. రింగులది మూడు. స్ప్రింగులా బిగుసుకున్నది నాలుగు. మన దగ్గర వంకీల జుట్టు, ఉంగరాల జుట్టు అనేవి రెండూ మూడూ రకాల మధ్యే ఎక్కువ.

తలమీద చర్మం సహజంగానే ఓ నూనెను తయారు చేస్తుంది. సాఫీ జుట్టు మీద అది జారుడుబల్ల మీద జారినట్టు కిందిదాకా వెళ్తుంది. రింగుల జుట్టులో ఆ నూనె ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే కుదుళ్లు జిడ్డుగా, కొసలు పొడిగా ఉంటాయి. పైగా మెలి తిరిగిన ప్రతిచోటా వెంట్రుక కాస్త బలహీనం. దువ్వెన తగిలినా, తువ్వాలు రాపిడికైనా అక్కడే ముందు దెబ్బ తింటుంది.

ఇంకో సంగతి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుందాకా అరవై సెంటీమీటర్ల జుట్టు ఉందంటే, ఆ కొసకు దాదాపు అయిదేళ్ల వయసన్నమాట. కుదురు దగ్గరున్నది నిన్నగాక మొన్న పుట్టింది. కొసేమో అయిదు వేసవులు, అయిదు వానాకాలాలు, కొన్ని వందల తలంట్లు చూసింది. రెండింటికీ ఒకే వేడి, ఒకే బలప్రయోగం న్యాయమా?

వెంట్రుక పైన చేపపొలుసుల్లాంటి పొర ఉంటుంది. పెంకుటింటి కప్పులో పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి ఆ పొలుసులు. ఏళ్లు గడిచేకొద్దీ అవి అరిగి ఊడిపోతాయి. పెంకులు ఊడిన ఇంటికి వాన ఎంతో, పొలుసులు ఊడిన కొసకు నీరూ వేడీ అంత. లోపలి నారలు విడిపోయి కొస చీలుతుంది. వెంట్రుకకు ప్రాణం ఉండదు కాబట్టి ఆ చీలిక మళ్లీ అతుక్కోదు. అతికిస్తామని చెప్పే సీసాలు చేసేదల్లా కాసేపు జిగురులా పట్టి ఉంచడమే. తలంటితే ఆ జిగురు పోతుంది, చీలిక మిగులుతుంది.

నీరు మిత్రుడా, శత్రువా?

డ్రయ్యరు వేడి కాబట్టి చెడ్డది, గాలికి ఆరడమే మంచిది. చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇందులో నిజం సగమే.

2011లో కొరియా పరిశోధకులు ‘యానల్స్ ఆఫ్ డెర్మటాలజీ’ పత్రికలో ఓ ఆసక్తికరమైన ఫలితం ప్రకటించారు. కత్తిరించిన జుట్టు పాయలను ముప్ఫైసార్లు కడిగి, ముప్ఫైసార్లు ఆరబెట్టారు. కొన్నిటిని గది గాలికి వదిలేశారు. కొన్నిటికి డ్రయ్యరును 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ఆడిస్తూ ఆరబెట్టారు. కొన్నిటికి 10 సెంటీమీటర్లలో, మరికొన్నిటికి 5 సెంటీమీటర్లలో పెట్టారు. దూరంగా ఉంచినప్పుడు జుట్టు దగ్గర వేడి సుమారు 47 డిగ్రీలు. బాగా దగ్గరగా పెట్టినప్పుడు 95 డిగ్రీలు.

వేడి పెరిగేకొద్దీ వెంట్రుక పైపొర దెబ్బతినడం ఎక్కువైంది. అది ఊహించిందే. ఊహించని సంగతి వేరే ఉంది. పొలుసులను అతికించి ఉంచే లోపలి పొర గాలికి ఆరిన జుట్టులోనే దెబ్బతింది. ఎక్కువసేపు తడిలో నానిపోయిన వెంట్రుక ఉబ్బి ఉండటమే దీనికి కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. చివరికి వాళ్లు తేల్చిందేమంటే... డ్రయ్యరును 15 సెంటీమీటర్ల దూరంలో, ఒకేచోట నిలపకుండా కదిలిస్తూ వాడితే గాలికి ఆరబెట్టడం కంటే జుట్టుకు తక్కువ హాని!

పదిహేను సెంటీమీటర్లంటే ఆరంగుళాలు. మన లెక్కలో రెండు బెత్తెలు.

అలాగని ముద్దగా తడిసిన జుట్టుమీద ఒక్కసారిగా ఎక్కువ వేడి పెట్టకూడదు. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. అప్పడం కాల్చినప్పుడు పొంగినట్టే. చర్మవైద్యులు దీన్ని ‘బబుల్ హెయిర్’ అంటారు. ఆ బుడగ ఉన్నచోట వెంట్రుక తెగిపోతుంది. అమ్మమ్మకు వచ్చిన వాసన ఊరికే రాలేదు.

అంటే, మరీ నాననివ్వకూడదు. మరీ కాల్చకూడదు. ఈ రెండిటి మధ్య దారే అసలు విద్య.

పార్లర్‌లో కుదరదన్నారు!

మర్నాడు తల్లీకూతుళ్లిద్దరూ రామచంద్రపురం వెళ్లారు. పార్లర్ ఆవిడ జుట్టును పాయలుగా విడదీసి, కొసలను వేళ్లమధ్య రుద్ది చూసింది. ఓ వెంట్రుక తీసి నెమ్మదిగా లాగింది. తెగిపోయింది.

‘‘ఆయ్... దీనికి మళ్లీ మందు పెట్టలేనండి. ఇప్పటికే రెండుసార్లు పెట్టిన చివర్లివి. ఇంకోసారి పెడితే పెళ్లినాటికి చేతికొచ్చేస్తాయి.’’

బేరం పోతుందని తెలిసీ ఆవిడ అలా చెప్పింది. నిజానికి వెంట్రుకలోని బంధాల్లో రెండు రకాల గురించి ఇక్కడ చెప్పుకోవాలి. హైడ్రోజన్ బంధాలు నీళ్లు తగిలితే విడిపోయి, ఆరగానే మళ్లీ కలుస్తాయి. డ్రయ్యరు మార్చేది వీటినే. తడిసినప్పుడు మెత్తబడిన జుట్టు, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో నిలిచిపోతుంది. రెండో రకం డైసల్ఫైడ్ బంధాలు. ఇవి గట్టివి. శాశ్వతంగా సాఫీ చేసే మందులు వీటినే తెంపి మళ్లీ అతికిస్తాయి. తెంపినవన్నీ తిరిగి అతుక్కోవు. అందుకే ప్రతిసారీ జుట్టు ఇంకాస్త బలహీనపడుతుంది.

‘కెరటిన్’ పేరుతో చేసే కొన్ని చికిత్సల కథ వేరు. వాటిలో కొన్నిటిని వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2004లోనే మనుషుల్లో కేన్సర్ కారకంగా తేల్చింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2011లో ఇలాంటి ఉత్పత్తి మీద హెచ్చరిక జారీ చేసింది. ఫార్మాల్డిహైడ్ లేదంటూ వచ్చిన కొన్నిటిలో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంటోంది. దానివల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 2024లో వైద్య పత్రికకెక్కింది. చేయించుకోవడం, మానడం ఎవరిష్టం వాళ్లది. సీసా మీద ఏముందో అడిగి చదవడం మాత్రం మరవకూడదు.

‘‘మరి పెళ్లికెలాగండీ?’’ అమ్మ గొంతులో దిగులు.

‘‘నాలుగంగుళాలు తీసేద్దామండి. మిగిలిన రింగుల్ని రింగుల్లాగే ఆరబెట్టడం నేర్పిస్తాను. పదిరోజులు చాలు.’’

ఆ పిల్ల అద్దంలో అమ్మ ముఖం చూసింది. అమ్మ కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తోంది. ఓ నిమిషం గడిచాక, ‘‘సరే, తియ్యండి’’ అంది. నేలమీద అయిదేళ్ల జుట్టు పడింది. సాఫీగా, నిర్జీవంగా.

అమ్మమ్మ బుట్టలో సైన్సు

ఇంటికొచ్చాక డ్రయ్యరుకు తగిలించుకోమని పార్లర్ ఆవిడ ఇచ్చిన వస్తువును అమ్మమ్మ వింతగా తిప్పి చూసింది. జల్లెడలా చిల్లులున్న గిన్నె. దాన్లోంచి ముళ్లలా పైకి లేచిన వేళ్లు. పేరు డిఫ్యూజర్.

‘‘ఇదేవిటే?’’

‘‘గాలి ఒక్కచోటే కొట్టకుండా చిల్లుల్లోంచి చెదిరి వస్తుంది అమ్మమ్మా. రింగులు చెదరకుండా ఈ గిన్నెలో కూర్చుంటాయి. వేడి మెల్లగా తగుల్తుంది.’’

అమ్మమ్మ నవ్వింది. ‘‘ఓసి పిచ్చిపిల్లా... ఇది మా ధూపం బుట్టే కదే!’’

నిజమే! కుంపట్లో నిప్పులు వేసి, మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, వెదురుబుట్ట బోర్లించి, నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ బుట్టమీద జుట్టు పరుచుకునేవారు వెనకటి ఆడవాళ్లు. బాలింతలకూ పసిపిల్లలకూ ఈ ధూపం తప్పనిసరి. వేడి నేరుగా తగలదు. బుట్ట సందుల్లోంచి చెదిరి, చల్లబడి వస్తుంది. జుట్టు బరువు బుట్టమీద ఉంటుంది కాబట్టి లాగుడు ఉండదు. అటూ ఇటూ సర్దుతూ ఉంటారు కాబట్టి ఒకేచోట కాలదు. దూరం, చెదిరిన గాలి, తక్కువ వేడి, ఓపిక... డిఫ్యూజర్ చేసేదీ ఇదే.

అయితే పొగ పొగే. ఉబ్బసం ఉన్నవాళ్లకీ, పసిపిల్లలకీ అది మంచిది కాదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలు పెట్టకూడదు. సాంబ్రాణి వాసన వదులుకోలేనివాళ్లు జుట్టు ఆరాక గదిలో ఓ మూల కాస్త వేసుకుంటే చాలు.

పాతకాలం అలవాట్లన్నీ మంచివేనా అంటే అదీ కాదు. తలంటయ్యాక ముందుకు వంగి, తువ్వాలుతో తపతపా కొట్టి నీళ్లు దులపడం చాలా ఇళ్లలో ఉంది. రింగుల జుట్టుకి అంతకన్నా పెద్ద శత్రువు లేదు. తడిసిన వెంట్రుక ఉబ్బి, పొలుసులు కాస్త తెరుచుకుని ఉంటుంది. ఆ సమయంలో కొట్టినా, గట్టిగా రుద్దినా దెబ్బ ముందు కొసలకే.

ఆరబెట్టే పద్ధతి

ముందురోజే మొదలు: కొసలకు కొబ్బరినూనె పట్టించండి. కోనసీమ పక్కనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. 2003లో ‘జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్’లో వచ్చిన పరిశోధన ప్రకారం పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ కంటే కొబ్బరినూనె వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా బాగా ఆపింది. ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే సంస్థవారే. అయినా, కారణం అర్థమయ్యేదే. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నగా, నిటారుగా ఉండి వెంట్రుక లోపలికి దూరగలదు. లోపల నూనె ఉంటే నీరు తక్కువ పీల్చుకుంటుంది. ఉబ్బడం తగ్గుతుంది.

తలంటేటప్పుడు: కుంకుడు రసమైనా, షాంపూ అయినా రుద్దాల్సింది మాడుమీదే. కొసలకు ఆ నురగ కిందికి జారేటప్పుడు తగిలింది చాలు. తర్వాత కొసలకు కండిషనర్ బాగా పట్టించి, అది ఉండగానే వేళ్లతోనో, వెడల్పు పళ్ల దువ్వెనతోనో చిక్కు తీయాలి. కొసనుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి లాగితే చిక్కులన్నీ కొసకు చేరి బిగుసుకుంటాయి. ఆరాక మళ్లీ దువ్వకూడదు. రింగు విడిపోయి దూదిలా లేస్తుంది.

పిండటం కాదు, అద్దడం: గరుకు తువ్వాలు పక్కన పెట్టి, పాత నూలు బనీనో, నాన్నగారి మెత్తటి పంచో తీసుకోండి. తల వంచి, రింగుల్ని గుప్పిట్లో కింది నుంచి పైకి నొక్కుతూ తడి అద్దండి.

పట్టు నిలవాలంటే: జుట్టు ఇంకా తడిగా ఉండగానే జెల్ రాయాలి. రెండు చెంచాల అవిసె గింజల్ని రెండు కప్పుల నీళ్లలో మరిగిస్తే కోడిగుడ్డు తెల్లసొనలా జిగురు వస్తుంది. వేడిగా ఉండగానే వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలోపు వాడేయాలి. ఇది ఆరాక పెళుసుగా బిగుసుకుంటుంది. కంగారుపడక్కర్లేదు. ఆ బిగుసుకున్న పొరే రింగుకు కాపలా.

సగం గాలికి, సగం డ్రయ్యరుకి: ముందు జుట్టును ఊరికే వదిలేయండి. నీళ్లు కారడం ఆగి, సగానికి పైగా ఆరాకే డ్రయ్యరు తీయండి. ముద్దగా తడిసిన జుట్టుకు వేడి పెట్టకూడదన్నది ఇందుకే.

కుదుళ్లకు ముందు, కొసలకు ఆఖర్న: వేడి తక్కువ, గాలి తక్కువ ఉండేలా మీట పెట్టండి. తలను ఓ పక్కకు వంచి ముందు కుదుళ్లు ఆరబెట్టండి. డిఫ్యూజర్ లేకుండా అయితే రెండు బెత్తెల దూరం తప్పదు. గాలి ఎప్పుడూ కుదురు నుంచి కొసవైపే పోవాలి. అప్పుడే పొలుసులు పెంకుల్లా వాలి ఉంటాయి. ఎదురుగాలి కొడితే లేచి నిలబడతాయి. కొసలను గిన్నెలోకి తీసుకునేది చివర్లోనే, అదీ కొద్దిసేపే. తర్వాత కాస్త చెమ్మ ఉండగానే ఆపేయండి. ఆ మిగిలింది గాలి చూసుకుంటుంది. పూర్తిగా ఆరేదాకా డ్రయ్యరు కొసలమీదే పెట్టడమే అందరూ చేసే తప్పు.

ఆఖర్న చల్లగాలి: చాలా డ్రయ్యర్లకు చల్లగాలి మీట ఉంటుంది. ఓ నిమిషం దాన్ని నొక్కిపట్టండి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉన్న రింగు చల్లబడ్డాక కుదురుకుంటుంది. తర్వాత అరచేతుల్లో రెండు చుక్కల నూనె రుద్దుకుని రింగుల్ని మెల్లగా నలిపితే పెళుసుదనం పోయి మెత్తగా జారతాయి.

వారానికి ఒకసారి చాలు: రోజూ డ్రయ్యరు వద్దు. రాత్రి పడుకునేటప్పుడు జుట్టంతా నడినెత్తి మీదికి తీసి వదులుగా ముడి వేయండి. పాత పట్టుచీర ముక్కతో దిండు గలీబు కుట్టించుకుంటే రాపిడి తగ్గుతుంది. మర్నాడు కాసిని నీళ్లు చిలకరించి సర్దుకుంటే సరి. రెండు మూడు నెలలకోసారి అరంగుళం కొసలు తీయించాలి. చీలిక చిన్నగా ఉన్నప్పుడే తీస్తే పైకి పాకదు.

ఇంకో మాట. డ్రయ్యర్లు వెయ్యి నుంచి రెండు వేల వాట్ల దాకా కరెంటు లాగుతాయి. ఇంట్లో చిన్న ఇన్వర్టర్ మీద పెట్టొద్దు. స్నానాల గదిలో, తడికాళ్లతో అసలు వద్దు. వెనకవైపు జాలీలో దుమ్ము పేరుకుంటే గాలి తగ్గి వేడి పెరుగుతుంది. నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో దులపండి.

సాఫీగానే కావాలంటే?

ఏ రిసెప్షన్‌కో ఒక్కరోజు జుట్టు సాఫీగా ఉండాలని మోజు పడటంలో తప్పేమీ లేదు. మందులేవీ లేకుండా డ్రయ్యరూ గుండ్రటి బ్రష్షుతోనూ చేయించుకోవచ్చు. ముందు వేడి నుంచి కాపాడే సీరమ్ రాయాలి. జుట్టును చిన్న చిన్న పాయలుగా తీయాలి. ముప్పాతిక వంతు ఆరాకే బ్రష్షు పెట్టాలి. ఒక్కో పాయను ఒకటి రెండుసార్ల కంటే లాగకూడదు. బ్రష్షును కొస దగ్గర చుట్టి పట్టుకుని ఉండిపోకూడదు. కొబ్బరినూనె రాసుకుని దానిమీద వేడి పెట్టడం కవచం కాదు, భ్రమ. నూనె తలంటుకు ముందు గానీ, అంతా అయ్యాక గానీ.

అయితే డెల్టాలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడి గాలిలో కాలవల తడి, వరిచేల తడి, సముద్రపు తడి కలిసి ఉంటాయి. ఆ చెమ్మ తగలగానే హైడ్రోజన్ బంధాలు మళ్లీ మొదటికొస్తాయి. పార్లర్‌లో పట్టులా జారిన జుట్టు కల్యాణ మండపం చేరేసరికి ఉబ్బిపోవడం అందుకే. తప్పు పార్లర్‌దీ కాదు, జుట్టుదీ కాదు. గోదావరి గాలిది!

అన్నట్టు, ఎంత జాగ్రత్త పడినా జుట్టు కుదుళ్ల నుంచే కుచ్చులుగా రాలుతుంటే, నీరసం, చర్మం పొడిబారడం కూడా ఉంటే అది డ్రయ్యరు తప్పు కాకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నాయేమో డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకోవాలి.

మోజు మారింది

‘అలకలు’ అంటే నుదుటిమీద వంకీలు తిరిగిన ముంగురులే. కావ్యనాయికలందరికీ అవి ఉండేవి. శ్రీనాథుడు ‘భీమేశ్వర పురాణం’ చెప్పిన ఊరిది. ఆ భాషలోనే ‘కుటిల కుంతల’ అంటే వంకర జుట్టున్న అమ్మాయని మెచ్చుకోలు. ఆ తర్వాతెప్పుడో మెచ్చుకోలు కాస్తా ఎగతాళి అయింది. బళ్లో ‘పిచ్చుకగూడు’ అన్నారు. ఇంట్లో ‘చిక్కుల జుట్టు’ అన్నారు. ప్రకటనల్లో అందమంటే పట్టుదారంలా జారే జుట్టే అయింది.

ఇప్పుడు గాలి మళ్లీ తిరిగింది. 2010లో ‘ఝుమ్మంది నాదం’తో వచ్చిన తాప్సీ, 2015లో మలయాళ ‘ప్రేమమ్’తో పరిచయమైన అనుపమా పరమేశ్వరన్ రింగుల జుట్టుతోనే తెరమీద మెరిశారు. వాళ్లను చూసి అమ్మాయిలు స్ట్రెయిటెనర్లు పక్కన పెట్టారని అనలేం గానీ, రింగులు దాచుకోవాల్సిన తప్పు కాదని మాత్రం తెలిసింది.

* * *

పెళ్లిరోజు తెల్లవారుజాము. ముహూర్తం ఎనిమిదింటికి. ఇల్లంతా హడావుడి. చిన్నమ్మాయి నాలుగింటికే తలంటుకుంది. అమ్మమ్మ తన పాత నూలుచీర ముక్కతో తడి అద్దింది. తపతపా కొట్టలేదు. అయిదున్నరదాకా జుట్టును అలాగే వదిలేసి పూలు కట్టింది. తర్వాత తల వంచి, గిన్నె తగిలించిన డ్రయ్యరుతో మెల్లగా ఆరబెట్టుకుంది. కాలిన వాసన రాలేదు.

భుజాల మీద రింగులు బరువుగా, గుండ్రంగా దిగాయి. ఒక వైపు మూర మల్లెపూలు పెట్టింది. పెళ్లికూతురు అద్దంలోంచే చూసి, ‘‘ఏయ్, నాకంటే నువ్వే బావున్నావే!’’ అంది.

వాకిట్లో అమ్మ తలంటుకుని వచ్చి నిలబడింది. ఎప్పట్లాగే తడిజుట్టుకి నూనె రాసి, గట్టిగా లాగి జడ అల్లబోతోంది. కొసన వేసిన ముడి విప్పగానే జుట్టు వీపంతా పరుచుకుంది. వంకీలు వంకీలుగా.

చిన్నమ్మాయి ఆశ్చర్యపోయింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ జుట్టు ఇలా విప్పి ఉండగా తను చూడలేదు. ఎప్పుడు చూసినా నూనెతో అణిచిపెట్టిన జడే.

‘‘అమ్మా, నీదీ రింగుల జుట్టేనా!’’

‘‘నీకెక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?’’ అంది అమ్మమ్మ మధ్యలో అందుకుని. ‘‘దీని పెళ్లిలో ఎవరో ఏదో అన్నారని అప్పట్నుంచీ ఇలా బిగించి కట్టేస్తంది.’’

అమ్మ ఏమీ మాట్లాడలేదు. గడియారం వంక చూసింది. ఆరున్నర. కాసేపు తటపటాయించి, నూనెసీసా కిటికీలో పెట్టేసి, కూతురి ముందు పీట వాల్చుకుని కూర్చుంది.

‘‘ఇంకా టైముందిగా... నాకూ పెట్టు. దూరంగా పెట్టు, రెండు బెత్తెలు!’’